గోడవార సాళ్ళు

"వచ్చే శనివారం దాకా ఆగుతా. పిందె నిలబడిందా, సరే. లేదంటే తోటంతా మందు కొట్టిస్తా, నువ్వు వేరే పని చూసుకో," అన్నాడు యజమాని, గుమ్మడాకు మీది ఎర్ర పెంకుపురుగును గోటితో చిదుముతూ.

"అలాగే సార్," అంది అమ్మాయి, బెదురు లేకుండా.

క్యారేజీ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ తల్లి ఆ మాటలన్నీ వింది. పురుగుల చదువు చదివిన కూతురికి ఇది మొదటి ఉద్యోగం.

"మందు కొట్టుకుంటానంటే కొట్టుకోనివ్వవే, నీ సొమ్మేం పోయింది?" అంది తల్లి ఇంటికెళ్ళే దారిలో.

"పూత మీద మందు పడితే తేనెటీగలు కూడా చస్తాయమ్మా. ఆడపువ్వు మీద ఈగ వాలకపోతే పిందె కుళ్ళి రాలిపోతుంది. పెంకుపురుగులంటావా, పొద్దున చలికి అవి కదల్లేవు. ఏరి సబ్బునీళ్ళలో వేస్తున్నాగా!"

"నిరుటి మందుకే ఈగలన్నీ పోయాయట కదే. తిరిగి రాకపోతే?"

"వస్తాయమ్మా."

"రాకపోతేనో?"

"రాకపోతే నువ్వెళ్ళి బ్రష్షుతో పుప్పొడి అద్దిరా," అని కూతురు పకపకా నవ్వింది.

నవ్వులాటకు అన్న మాట తల్లి గుండెలో పాతుకుపోయింది. మర్నాడు ఇంకా మసక వీడకముందే, కూతురి చిన్నప్పటి రంగుల బ్రష్షు పట్టుకుని తోటలో దూరింది. మగపువ్వులో పొడి తీయడం, వెనక బుల్లి కాయ ఉన్న ఆడపువ్వులో అద్దడం. యజమాని కిటికీకి కనపడవని గోడవార సాళ్ళు ఎంచుకుంది. ఎండెక్కేలోగా ఇల్లు చేరి, ఏమీ ఎరగనట్టు పొయ్యి వెలిగించేది. రోజూ అదే పని. ఆ చలిలో ఒక్క తేనెటీగైనా ఆవిడ కంటపడలేదు. 'పిచ్చిపిల్ల! ఎవరిని నమ్ముకుందో!' అని నిట్టూర్చేది.

"చేతికేంటమ్మా ఆ పచ్చటి పొడి?" అంది కూతురు ఒకసారి.

"గోడ సున్నం."

"సున్నం పచ్చగా ఉంటుందా?"

"పాత గోడే తల్లీ, నీకన్నీ ఆరాలే!"

కూతురు నవ్వు ఆపుకుంటూ తువ్వాలు అందించింది.

శనివారం తల్లి క్యారేజీతో తోటకు వచ్చేసరికి, యజమానీ కూతురూ పాదుల మధ్య నుంచి బయటికి వస్తున్నారు. ఆయన ముఖం చూసే ధైర్యం లేక తల్లి నేల చూపులు చూసింది.

"అమ్మగారూ," అన్నాడాయన, "ఇన్నేళ్ళూ మందు మీద మందు పోసి పెంచినవాణ్ణి. ఇంత పిందె నిలబడటం ఎన్నడూ చూళ్ళేదు. మీ అమ్మాయి మాట నెగ్గింది. ఇక తోట బాధ్యతంతా తనదే!"

తల్లికి కళ్ళు చెమ్మగిల్లాయి. నడుం నొప్పి ఎటు పోయిందో తెలియలేదు. అసలు చెయ్యి ఎవరిదో నోరు జారకూడదనుకుంది. గెలుపు బిడ్డదిగానే ఉండాలి.

"మా అమ్మాయి చెప్పిందంటే జరిగి తీరుతుందండీ," అంది తల ఎత్తి, తోటంతా వినబడేలా.

యజమాని గేటు మూయబోతూ ఆగాడు.

"తోటంతా చూసినట్టేనా అమ్మాయ్, ఇంకేమైనా మిగిలిందా?"

కూతురు తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"గోడవార సాళ్ళు తప్ప అన్నీ చూశాం సార్, అవి మా అమ్మ చేతి కాయలు."