చప్పుడు చేయని గౌను

"అమ్మా, అది గౌను! బెండకాయ కాదు, తుంచి చూడ్డానికి!"

కొట్టు యజమాని గొంతు కాస్త పైకే లేచింది. లేవక ఏం చేస్తుంది? నేలదాకా జారే నల్ల పట్టు గౌనును అద్దాల బీరువాలోంచి స్వయంగా తీసి బల్ల మీద పరిచాడు. ఈవిడేమో దాని అందం వైపు కన్నెత్తి చూడకుండా, లోపలి పక్కకి తిరగేసి కుట్లు గోటితో లాగుతోంది. అతనన్న మాటకి బదులు లేదు సరికదా, తలైనా ఎత్తలేదు. ఎంత పొగరు అనుకున్నాడు.

పక్కన వయొలిన్ పెట్టెతో నిలబడ్డ కూతురు కలగజేసుకుంది. "ఏమనుకోకండి. రేపు సాయంత్రం నా కచేరీ. పోయినసారి వేసుకున్న గౌను నా కొంప ముంచింది."

"చిరిగిందా?"

"చిరిగినా బాగుండేది. చివర్లో బాగా మెల్లగా వాయించే ముక్క ఒకటుంది. జనం ఊపిరి బిగబట్టి వినాలి. సరిగ్గా అప్పుడే, కమాను లాగినప్పుడల్లా చంక కింద గౌను గరగర, గరగర! మైకు దాన్నే పట్టుకుంది. హాలంతా ఒకటే నవ్వు. రేపూ అదే హాలు, అదే ముక్క. మళ్లీ నవ్వారంటే ఇంక నన్ను ఎవరూ పిలవరు."

ఈలోగా తల్లి తలెత్తింది. "అన్నయ్యగారూ, ఆ ఫ్యాన్ కాస్త ఆపించండి."

ఫ్యాన్ ఆగింది. ఆవిడ కళ్లు మూసుకుని, చంక దగ్గరి బట్టను రెండు వేళ్ల మధ్య మెల్లగా రాసింది. తర్వాత చెంపకి ఆనించుకుని మళ్లీ రాసింది.

"ఇది వద్దు. గోల చేస్తుంది."

యజమానికి నవ్వొచ్చింది. గౌనేమిటి, గోలేమిటి? సరదాకి తనూ ఆ బట్టను చెవి దగ్గర పెట్టుకుని రాశాడు. ఎండుటాకు మీద కాలేసినట్టు సన్నగా చప్పుడైంది. అతని నవ్వు కాస్తా ఆగిపోయింది. ఇన్నేళ్లుగా గౌన్లు అమ్ముతూ, ఒక్కదాన్నైనా చెవి దగ్గర పెట్టుకున్న పాపాన పోలేదు.

రెండోది తెచ్చాడు. "పైబట్ట మేలైందే. లోపలి అస్తరుతోనే దీనికి పడట్లేదు. చెయ్యెత్తితే రెండూ రాసుకుంటాయి" అందావిడ. మెడ చుట్టూ పూసలు కుట్టిన మూడోదాన్ని ఇలా తడిమి అలా పక్కన పెట్టేసింది. "ఒక పూస వదులుగా ఉంది. వయొలిన్‌కి తగులుతుంది." యజమాని వెతికాడు. నిజమే, ఒకే ఒక్క పూస ఊగుతోంది.

అప్పుడే బల్ల మీది ఫోను చెవులు చిల్లులు పడేలా మోగింది. యజమాని ఉలిక్కిపడ్డాడు, కూతురు ఉలిక్కిపడింది. బట్టకి చెంప ఆనించిన ఆవిడ రెప్ప కూడా కదల్లేదు. శ్రద్ధ అంటే ఇదీ అనుకుని, ఫోను ఎత్తి పెట్టేశాడు.

ఇక ఉండబట్టలేక లోపలి గదిలోకి వెళ్లి, తన చేత్తో కత్తిరించి కుట్టిన గౌను ఒకటి తీసుకొచ్చాడు. మెరుపూ లేదు, పూసా లేదు. ఇంతవరకు ఎవరూ రెండోసారి చూడనిది.

"ఇది నేనే కుట్టానమ్మా" అన్నాడు. ఆవిడ అతని మొహంలోకే కన్నార్పకుండా చూసింది. తర్వాత గౌను తిరగేసి, ప్రతి కుట్టు మీదా వేలు నడిపించింది. పరీక్ష రాసిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు యజమాని.

కూతురు గౌను వేసుకొచ్చింది. తల్లి ఒక అరచేతిని ఆమె చంక కింద, రెండోదాన్ని వీపు మీద ఆనించి, "వాయించు" అంది.

కూతురు ఆ మెల్లని ముక్కే ఎత్తుకుంది. కొట్లో బేరాలు ఆగిపోయాయి. యజమాని చెవులు రిక్కించి గరగర కోసం వెతికాడు. తీగ మీద కమాను కదులుతున్న ఆ సన్నని నాదం తప్ప ఇంకేమీ లేదు. అతని ఒళ్లు గగుర్పొడిచింది. తను కుట్టిన బట్ట ఇంత మర్యాదగా నోరు మూసుకోగలదని అతనికే తెలియదు.

పాట అయ్యాక కూడా ఆవిడ చేతులు వెంటనే తియ్యలేదు. కళ్లు తడిగా ఉన్నాయి. "ఇదే. ప్రాణం పెట్టి కుట్టారు అన్నయ్యగారూ" అని చెప్పి, ఆటో పిలవడానికి గుమ్మం దిగింది.

"అమ్మా, ఒక్క మాట!" అని వెనకనుంచి కేకేశాడు యజమాని. ఆవిడ ఆగలేదు. ఇప్పుడతనికి అది పొగరులా అనిపించలేదు. అంత గొప్ప మనిషి ధ్యాస ఎక్కడుందో ఏమో.

కూతురు బట్టలు మార్చుకొచ్చాక, గౌను మడతపెట్టి ఆమెకి అందిస్తూ గొంతు తగ్గించి అడిగాడు. "మీ అమ్మగారు పెద్ద సంగీత విద్వాంసురాలు కదమ్మా? అలాంటి చెవిని నా జన్మలో చూడలేదు."

"సంగీతమా?" కూతురు గుమ్మం వైపు చూసి నవ్వింది. "నా వయొలిన్ ఎలా పలుకుతుందో కూడా అమ్మకి తెలీదండీ. నేను కడుపులో ఉన్నప్పుడే ఆవిడకి రెండు చెవులూ పోయాయి."