వినే ఉద్యోగం

“ఈయనగారినా మా కంపెనీ ఇన్నాళ్లూ పోషిస్తున్నది!”

రంగుల కంపెనీ ఆఫీసరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. చదువుల గది మూలన, కిటికీలోంచి ఎండ పడేచోట, పెద్దాయన చాప మీద హాయిగా గురక పెడుతున్నాడు.

టీచరమ్మ గబగబా ఎదురొచ్చింది. పైకి చదవాలంటే జంకే పిల్లల కోసం ఆమె సేవాసంస్థ, ఆ కంపెనీ కలిసి నడుపుతున్న గది అది. పెద్దాయన ఇక్కడ ఉండాలో వద్దో తేల్చడానికే ఆఫీసరమ్మ వచ్చింది. సరిగ్గా ఇప్పుడే ముంచుకురావాలా నిద్ర!

“కళ్లు మూసుకుని వింటాడండీ,” అంది.

“గురక పెడుతూనా?”

“పోలీసుశాఖలో చేసి రిటైరయ్యాడు, అలసట ఉంటుంది కదండీ. అప్పట్లో ఈయన దొంగల్ని వదిలేవాడు కాదు. ఇప్పుడు పిల్లలు ఈయన్ని వదలడం లేదు. జీతం అడగడు. రెండు పూటలా తిండి, అప్పుడప్పుడు డాక్టరు, అంతేగా!”

“ఖర్చు సంగతి కాదమ్మా. అక్షరం ముక్క రాదు. పిల్లలు తప్పు చదివితే దిద్దడు. ఈయన్ని పంపించేస్తే ఆ మూల నాలుగు కంప్యూటర్లు పడతాయి.”

“దిద్దడనేనండీ పిల్లలు వస్తున్నది!”

అంతలో చిట్టి వచ్చింది. బళ్లో ఒకసారి తడబడితే క్లాసంతా నవ్వింది. ఆనాటి నుంచి ఆ పిల్ల పుస్తకం తెరిస్తే నోరు మూసేది. మేనత్త బతిమాలింది, బెదిరించింది, బొమ్మ కొనిపెట్టింది. ఇంట్లో ఒక బొమ్మ పెరిగింది తప్ప మాట పెగల్లేదు. పెద్దాయన దగ్గరే కాస్త దారిలో పడింది. ఇవాళ కొత్త మనిషిని చూసి మళ్లీ బిగుసుకుపోయిందా, ఇక పెద్దాయన పని సరి.

చిట్టి ఆఫీసరమ్మను ఓరకంట చూసింది. పెద్దాయన పక్కన చతికిలబడి, సన్నగా మొదలుపెట్టింది.

“ఏనుగు... ఏటికి... వెళ్లింది. నీళ్లలో తన... ప్ర... ప్ర...”

ఆఫీసరమ్మ మాట అందించబోయింది. టీచరమ్మ చప్పున ఆమె చెయ్యి పట్టుకుంది. పెద్దాయన ఒక కన్ను తెరిచాడు. తొందరేం లేదన్నట్టు మళ్లీ మూశాడు.

“ప్రతి... ప్రతిబింబం చూసి, ‘ఎవరమ్మా ఈ లావుపాటావిడ?’ అంది!”

చిట్టి తనే పకపకా నవ్వేసింది. ఇక ఆగలేదు. గొంతు పెరిగింది, పేజీలు తిరిగాయి.

ఆఫీసరమ్మ టీచరమ్మ వైపు వంగి, “నేను రెండు ముక్కలు మాట్లాడేసరికి మా ఆయన మూడోది అందించేస్తారు,” అంది.

“మా ఇంట్లో రెండోదేనండీ!”

ఇద్దరూ నవ్వుకున్నారు.

“కంప్యూటర్లు వరండాలో పెట్టుకుందాం. ఈయన్ని మాత్రం కదపకండి. మంచి పరుపొకటి పంపిస్తాను.”

గుండెల మీంచి బండ దించినట్టయింది టీచరమ్మకు.

చిట్టి పుస్తకం మూసి, “కథ బాగుందా, పెద్దాయనా?” అని అడిగింది.

పెద్దాయన తోక ఊపాడు.