అవ్వకు చూపిన సింగపూర్

కన్నతల్లిని మోసం చేయడానికి భోజన్న మంచి సమయమే చూసుకున్నాడు. అది పంతొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలం. బోధన్‌లో చెరుకు నరకడం అయిపోయింది, చేతిలో నాలుగు డబ్బులున్నాయి, అతను అవ్వ అని పిలిచే ఆ తల్లికి మోకాళ్ల నొప్పులు కూడా కాస్త తగ్గాయి.

అసలు తప్పంతా అతని నోటిది. చక్కెర ఫ్యాక్టరీ కాంటా దగ్గర చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నప్పుడు పక్క బండి నర్సన్న ఊరుకోలేక గెలికాడు.

"మీ బాపు మొగోడురా. పెండ్లాన్ని రంగూన్ తిప్పుకొచ్చిండు. నువ్వు మీ అవ్వకు నిజామాబాద్ల సర్కసన్న సూపెట్టినవా?"

బండ్ల మీదున్న వాళ్లంతా గొల్లుమన్నారు. భోజన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"సర్కసేంది? సింగపూర్ సూపెడ్త!" అనేశాడు.

సింగపూర్ తూర్పున ఉందో పడమట ఉందో కూడా అతనికి తెలియదు. అయినా పోటీ ఎవరితో? చనిపోయిన బాపు ముత్తన్నతో. భోజన్న చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు, అతన్ని అమ్మమ్మ దగ్గర వదిలి, ముత్తన్న తన భార్య గంగుబాయిని ఓడ మీద రంగూన్ తీసుకెళ్లాడు. ఆ ముచ్చట బోధన్‌లో ఈనాటికీ పాతబడలేదు. పెళ్లయినా చావైనా, గంగుబాయి వచ్చి కూర్చుందంటే చాలు, "రంగూన్ ముచ్చట చెప్పు గంగక్కా" అని ఆడవాళ్లు చుట్టూ చేరతారు. అప్పుడు అవ్వ ముఖంలో వచ్చే వెలుగు చూసి భోజన్నకు సంతోషమూ కలిగేది, కడుపు మంటా పుట్టేది. తన పేరు చెప్పినప్పుడు కూడా ఆ వెలుగు ఒక్కసారి రావాలి. పోయిన మొగుడి కంటే ఉన్న కొడుకు తక్కువా?

పాస్‌పోర్టు సంగతి, ఓడ ఖర్చు సంగతి కనుక్కొని వచ్చేసరికి పౌరుషం సగం చల్లారింది. కానీ మాట వెనక్కి తీసుకుంటే కాంటా దగ్గర తలెత్తుకోలేడు. అందుకే ఒంటరిగా బొంబాయి పోయి, అక్కడ లాంచి నడిపే లింబయ్యను పట్టుకున్నాడు. లింబయ్య ముత్తన్నకు చిన్ననాటి దోస్తు.

"కాకా, అవ్వను తీస్కొస్త. లాంచిల ఎక్కించి సముద్రంల ఒక పూట తిప్పు. మళ్ల గీ బొంబాయిలనే ఇంకో ఒడ్డుకు దించు. గదే సింగపూర్ అని చెప్త. అవ్వకు సదువు రాదు, బోర్డులు సదవది."

లింబయ్య నవ్వలేదు, తిట్టనూ లేదు. బీడీ ఆర్పేసి, "గట్లనే కానియ్" అన్నాడు.

"ఎవ్వలికి చెప్పకు కాకా."

"గిసుంటియి నా నోట్లకెల్లి బయటికి రావు బిడ్డా."

ముంబాదేవి దర్శనమని చెప్పి భోజన్న తల్లిని రైలెక్కించాడు. బొంబాయిలో దిగగానే ఊరు సరిగ్గా చూడనివ్వకుండా టాక్సీలో కుక్కి రేవుకు తెచ్చాడు. లాంచి ఒడ్డు వదిలాక గుట్టు విప్పాడు.

"అవ్వా, మనం గుడికి గాదు పొయ్యేది. సింగపూర్ పోతున్నం!"

గంగుబాయి కొడుకు వంక అలాగే చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో ఒత్తుకొని సముద్రం వైపు తిరిగి కూర్చుంది. ఒక్క క్షణం భోజన్నకు పాపభయం కలిగింది. ఆ లోపే లాంచి ఊపుకు కడుపులో తిప్పి, తిన్నదంతా కక్కుకోవడంలో పాపం సంగతి మరిచిపోయాడు.

పొద్దు వాలే వేళకు లింబయ్య వాళ్లను మరో ఒడ్డున దించాడు.

"మెట్లు జారతయి కొడుకా, పైలంగ ఎక్కు" అంటూ అవ్వే అతనికి చేయి అందించింది.

గండం ఆ మెట్ల పైనే కాచుకొని ఉంది. అరటిపళ్లు అమ్మే ఒకామె బుట్ట ముందుకు జరిపి, "కేళీ ఘ్యా బాయీ, స్వస్త ఆహేత్" అని చవకబేరం పెట్టింది. ఇంత పన్నాగం పన్నినవాడికి మరాఠీ సంగతే తట్టలేదు! బోధన్ అంగడిలో మరాఠీ వాళ్లతో బేరాలాడి పండిపోయిన గంగుబాయి ఊరుకుంటుందా? అదే భాషలో అందుకుంది. కాయలు చిన్నవంది, పచ్చివంది, చివరికి కొసరు వేయించుకొని గానీ వదల్లేదు.

"సింగపూర్ల మరాఠోళ్లు ఉన్నరేందిరా?" అంది గంగుబాయి పండు ఒలుస్తూ.

"బతుకుదెరువుకు అచ్చిన్రు అవ్వా. పొట్ట కోసం."

"నిజమే బిడ్డా. పొట్ట ఎంత దూరమన్న తోలుతది" అని ఆమె తల ఊపింది.

భోజన్న ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత రెండంతస్తుల బస్సు ఎక్కించాడు, సముద్రం ఒడ్డున దీపాలు చూపించాడు. ఎక్కడ తెలుగు మాట వినిపించినా అవ్వను పక్క గల్లీలోకి లాక్కెళ్లాడు. ఆ ఊళ్లో తెలుగువాళ్లు ఇంతమంది ఉన్నారని అతనికి అప్పుడే తెలిసింది. తిరుగు ప్రయాణంలోనూ అదే లాంచి, అవే వాంతులు.

బోధన్‌లో ఇంటి ముందు జాతరలా జనం చేరారు. గంగుబాయి సింగపూర్ వర్ణిస్తుంటే ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అవ్వ ముఖంలో అదే వెలుగు. మాటిమాటికీ "నా కొడుకు, నా కొడుకు" అంటోంది. నర్సన్న కూడా వచ్చి, అంతా విని, భోజన్న భుజం తట్టి, "బాపును మించినవ్‌రా" అని ఒప్పుకొని పోయాడు.

అందరూ వెళ్లాక భోజన్న తల్లి పక్కన చేరాడు. ఆ ఒక్క మాట అవ్వ నోట వింటే చాలు, జన్మ ధన్యమే.

"అవ్వా, ఉన్నదున్నట్టు చెప్పు. బాపు సూపిచ్చిన రంగూన్ మంచిగుండెనా, నా సింగపూర్ మంచిగున్నదా?"

గంగుబాయి వాకిట్లో ఎవరూ లేరని చూసుకొని, కొడుకు తల దగ్గరికి లాక్కుంది.

"గదే ఊరు, గదే లాంచి, గదే లింబయ్య... మీ బాపు తిప్పినప్పుడు లాంచి జర కొత్తగుండె, గంతే బిడ్డా."