ముళ్లపంది నడక

"ఇక పెద్దవాళ్ల కోసం సినిమా తీద్దాం అత్తా. యుద్ధంలో మన ఊరి ముట్టడి గురించి. ముప్పై ఏళ్లుగా ఈ ముళ్లపంది చేత నీళ్లు మోయించింది చాల్లేదా?" అన్నాను.

సరాయెవోలో మా మేనత్త జుమ్రా చేత్తో గీసిన బొమ్మలతో పిల్లల సినిమాలు తీస్తుంది; నీళ్లు మోసే ముళ్లపందే వాటిలో హీరో. కొత్త సినిమా గురించి నేను రాసిచ్చిన కాగితం చదవకుండానే దాని మీద కాఫీ గిన్నె పెట్టింది.

"మనది పిల్లల స్టూడియోరా. పెద్దవాళ్లకి వార్తలున్నాయిగా."

"భయమని చెప్పు, పోనీ. బొమ్మల చాటున దాక్కుంటున్నావు. ఆ బొమ్మకి నడకైనా సరిగ్గా లేదు, ఎడమకి ఒరిగిపోతుంది. నిన్న నలభై బొమ్మలు నేనే నిటారుగా దిద్దాను."

ఆమె లేచి నేను దిద్దిన బొమ్మల కాగితాలన్నీ అద్దం బల్ల మీద పరిచి, కింద దీపం వేసింది. నా గీతల వెనక, నేను చెరిపేసిన ఆమె గీతలు ఇంకా ఒరిగే నడుస్తున్నాయి.

"ఎడమ చేతి డబ్బా పెద్దదిరా. మీ బాబాయి అలాగే నడిచేవాడు."

ముట్టడి రోజుల్లో పదకొండేళ్ల బాబాయిని, నీళ్లు తెస్తుండగా వంతెన మీద కాల్చేశారని నాకు తెలుసు. ఎలా నడిచేవాడో ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు తెర మీద ముళ్లపంది ఆ నడక చూసి పడీ పడీ నవ్వాను.

జుమ్రా అత్త రబ్బరు తీసుకుని నా గీతలు ఒక్కొక్కటే చెరుపుతోంది.

"పెద్దవాళ్ల సినిమా అయితే వంతెన మీదే ఆపేయాలి కదరా," అంది తలెత్తకుండా. "ఇందులో ప్రతిసారీ ఇంటికొస్తాడు."