ఫైబర్ డబ్బా

తమ్ముడు సతీష్ కారు వెనక నుంచి విప్పి ఇరయ్ డ్యామ్ గట్టున నిలబెట్టిన చిన్న ఫైబర్ ట్రైలర్‌ని రాజక్క వేళ్లతో కొట్టి చూసి మూతి తిప్పింది.

"నీళ్ల ట్యాంకీకి కిటికీలు వెట్టిండ్రు. దీన్ని కొనుక్కచ్చినవారా?"

"మంచం, పొయ్యి అన్నీ ఉన్నయక్కా. రెండు రోజులు హాయిగ ఉండొచ్చు."

"చంద్రాపూర్ల అంత మందం స్లాబు ఇల్లు వెట్టుకొని, డబ్బాల పండుడేంది? ఇద్దరు నూకితే కదిలేది ఇల్లెట్లయితదిరా?"

ఆ మాట అంటూనే లోపలికెళ్లి మనవరాలిని మంచం మీద పడుకోబెట్టింది. గిన్నె దించడానికి చోటు లేదని సణుగుతూనే అన్నం వండింది.

మధ్యాహ్నం దూరంగా ఏదో ఫ్యాక్టరీ సైరన్ మోగింది.

రాజక్క అన్నం గిన్నె మీద పళ్లెం బోర్లించి, నిద్రపోతున్న పాపను చంకనేసుకొని, ఒక్క ఉరుకున బయటికొచ్చి నిలబడింది. చంద్రాపూర్‌లో పక్కనున్న బొగ్గు గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగిన ప్రతిసారీ వాళ్ల బస్తీలో ఇంటింటా చేసే పనే అది. లేకపోతే పేలుడు అదురుకి స్లాబు పెచ్చులు ఊడి అన్నంలో పడతాయి, పిల్లల మీద పడతాయి.

సతీష్ ట్రైలర్‌లోంచి కదల్లేదు.

"పాపను తెచ్చి పండవెట్టక్కా," అన్నాడు. "ఇది మన ఇల్లు కాదు."