నానో పొడి గది

"తూకం గదిలో ఫ్యాన్ ఎలాగూ ఆపించారు. మాస్కులైనా ఇప్పించండి సార్. అక్కడే పనిచేసే మా చెల్లికి ఆయాసం తగ్గట్లేదు," అంది ఫ్యాక్టరీలో అందరూ తూకాలక్క అనే ఆవిడ.

ఓనరు ముఖం చిట్లించాడు. "ఫ్యాన్ వేస్తే సరుకంతా గాలికి పోదూ? కంటికే ఆనని నానో పొడి మనిషినేం చేస్తుందమ్మా? అన్నీ ఒట్టి వేషాలు! చూడు."

తూకం గదిలోకి వెళ్లి, డబ్బాలోంచి గుప్పెడు పొడి తీసి, తలుపు అద్దంలోంచి బయటున్న ఆమెకి చూపించాడు. పెదవులు విడకుండా నవ్వాడు. కాసేపటికి బుగ్గలు ఉబ్బి, ముఖం కందగడ్డలా అయింది.

ఒక్క ఉదుటున బయటపడి, తలుపు మూసి, నీళ్లలోంచి తేలినవాడిలా గుండెనిండా గాలి పీల్చుకున్నాడు.

"చూశావుగా? ఏమైంది నాకు?"

ఇన్నాళ్లూ ఆయన్ని చూసి వణికిన తూకాలక్క, ఎగాదిగా చూసింది.

"ఏమీ కాలేదు సార్. ఈసారి లోపల నిలబడి ఇదే మాట అనండి."