దొరసాని బ్రేకు

"ఈ కారుని రోడ్డెక్కించకండి."

కారు కింద నుంచి టైలర్ తల బయటికి పెట్టి చూశాడు.

వాకిట్లో ఒక ముసలాయన. చేతిలో గుడ్డసంచి. వేళ్ల నిండా కడిగినా పోని నల్లమరకలు.

బ్రోకర్, అనుకున్నాడు టైలర్.

పాతకార్లు పెట్టుకున్న వాళ్లందరికీ తెలిసిన ఎత్తే అది. ముందు కారు పనికిరాదంటారు. తర్వాత ప్రాణభయం పెడతారు. ఆఖర్న తుక్కు ధరకు తామే తోలుకుపోతారు.

"అమ్మే ఉద్దేశం లేదండీ."

"కొనడానికి రాలేదు బాబూ."

"అందరూ అలాగే మొదలుపెడతారు."

అది అరవై ఏళ్ల నాటి బ్రిటిష్ కారు. ఇంట్లో దాని పేరు దొరసాని. కోళ్లు గుడ్లు పెడుతున్న షెడ్డులోంచి తెచ్చుకున్నాడు టైలర్. రంగు తనే వేశాడు. తన కుట్టుషాపులో మిగిలిన సోఫా గుడ్డతో సీట్లు తనే కుట్టాడు. తలుపుల రబ్బరు దొరక్కపోతే సైకిల్ ట్యూబు కోసి అంటించాడు. ఆరేళ్లలో ఒక్క మెకానిక్‌ను గడప తొక్కనివ్వలేదు.

"నా మోకాళ్లకి రాయమంటే నూనె లేదంటారు. ఆవిడకి మాత్రం డబ్బాలు డబ్బాలు," అని భార్య సాధించేది. కానీ వీధి చివరికి వెళ్లాలన్నా ముందు తనే ఎక్కి కూర్చునేది.

మర్నాడు ఉదయం ఆమె దొరసానిలో కొండ అవతల ఉన్న అక్క ఇంటికి వెళ్లాలి. అక్క మంచం పట్టి నెలయింది. బస్సు కుదుపులకు ఈమె నడుము ఆగదు.

"బ్రేకు సిలిండర్‌లో రబ్బరు మార్చాలి," అన్నాడు ముసలాయన. "గంట పని. డబ్బులొద్దు. రబ్బరు కూడా నేనే తెచ్చాను."

టైలర్ నవ్వాడు.

"పెద్దాయనా, దాంట్లో ఉన్న రబ్బరు ఎవరు చేశారో తెలుసా?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు.

"మాస్టారు. మేమంతా అలాగే పిలుస్తాం. మొహం చూసినవాడు లేడు. ఫోను కూడా లేదు. ఉత్తరం రాస్తే పార్సిల్ వస్తుంది. కంపెనీలు ఎప్పుడో మానేసిన రబ్బర్లు ఇంట్లో కూర్చుని చేత్తో చేస్తాడు. మాలాంటి లేనివాళ్ల కార్లు ఇంకా తిరుగుతున్నాయంటే ఆయన చలవే. ఆయన చేసింది పాడైందని ఇంకోసారి అన్నావంటే మర్యాదగా ఉండదు."

ముసలాయన తల దించుకున్నాడు.

"మనిషన్నాక పొరపాటు చేయడా బాబూ?"

"నువ్వు చేస్తావు. ఆయన చేయడు."

కిటికీలోంచి భార్య పిలిచింది.

"ఏమండీ, ఒక్కసారి చూడనివ్వకూడదా? పోయేదేముంది?"

"ఊడదీశాక మళ్లీ బిగించడే. అప్పుడు తుక్కుకి ఇచ్చెయ్యమంటాడు. వీళ్ల సంగతి నీకు తెలీదు."

టైలర్ గేటు వేసేశాడు.

తెల్లవారి తలుపు తీసేసరికి దొరసాని నేలకు కుంగిపోయి ఉంది. మూడు టైర్లలో గాలి లేదు. నాలుగో టైరు దగ్గర ముసలాయన గొంతుక్కూర్చుని గాలి తీస్తున్నాడు.

టైలర్ కేకలకు వీధంతా వచ్చింది. మొదటి దెబ్బ ఎదురింటి డ్రైవర్ కొట్టాడు.

"అయ్యా, ఒక్క మాట చెప్పనివ్వండి."

"స్టేషన్లో చెబుదువుగాని, పద."

ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లాక్కెళ్లారు. ముసలాయన వెనక్కి తిరిగి తిరిగి చూశాడు.

"అమ్మా, మీరైనా ఎక్కకండమ్మా."

"పాపం, మతి లేనివాడేమో," అంటూనే ఆమె గాలిపంపు తెచ్చి భర్తకు అందించింది.

గంట ఆలస్యంగా బయల్దేరారు.

కొండ ఎక్కడం దొరసాని బాగానే ఎక్కింది. దిగేటప్పుడు మూడో మలుపులో టైలర్ బ్రేకు తొక్కాడు. పెడల్ అడుగుకి తగిలి అక్కడే ఉండిపోయింది. చేతిబ్రేకు లాగాడు. కారు జారుతూనే ఉంది.

"ఏమైందండీ?"

ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

మూడో రోజు టైలర్ చేతికి కట్టుతో స్టేషన్‌కు వెళ్లాడు.

"ఆ ముసలాడు నా కారు బ్రేకులు తీసేశాడు. నా భార్యను చంపాడు. రాసుకోండి."

ఎస్సై కుర్చీ చూపించాడు.

"రాసుకోనక్కర్లేదు. ఒప్పుకున్నాడు. మీ ఆవిడ సంగతి చెప్పగానే గోడకి తల బాదుకున్నాడు. తనే చంపానన్నాడు."

"నాకు తెలుసు."

"మీకు తెలీదు. ఆయన టైర్లు తప్ప ఏమీ ముట్టుకోలేదు. మా మెకానిక్ విప్పి చూశాడు. లోపలి రబ్బరు బ్రేకు ఆయిల్‌కు సరిపడని రకం, ఉబ్బి జిగురైపోయింది. ఏడాదిగా పాడవుతూనే ఉందట."

"మరి వాడెందుకు ఒప్పుకున్నాడు?"



"నెల రోజులుగా బస్సుల్లో పడి తిరుగుతున్నాడు. పది ఊళ్లలో పది కార్లకు అదే రబ్బరు డబ్బు తీసుకోకుండా మార్చి వచ్చాడు. వాళ్లకి ఫోన్ చేశాను, నిజమే. మీదే ఆఖరిది."

"అయితే అదేదో నాకు చెప్పి చావొచ్చుగా."

"చెప్పడానికే వచ్చాడు." ఎస్సై గొంతు తగ్గింది. "మీరు అంత నమ్మకంగా పొగుడుతుంటే, ఆ మాస్టారు తనేనని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదట."